బెల్టు బిగించే పని

పున్నమి ఘాట్‌లో నా పని
మనుషుల్ని కట్టడం.
ఊపిరి పీల్చుకోండి, అంటాను.
పీలుస్తారు.
బెల్టు లాగి బకిల్ నొక్కితే టక్కుమంటుంది.
తర్వాతోళ్ళు రండి.

మిర్చి యార్డు షావుకారు పొట్ట,
మొన్ననే పెళ్ళయిన పిల్ల మెడ దగ్గర పసుపు వాసన,
కీమో చేయించుకుని, డాక్టరు గాలి మార్పు చెప్పాడని వచ్చిన
ఒక పెద్దాయన పక్కటెముకలు.
మా అమ్మ నడుం చుట్టూ కూడా
నా చేతులు ఇన్నిసార్లు తిరగలేదు.

సాయంత్రం అరవై రెండు జాకెట్లూ తీగ మీద ఆరేస్తే
తలల్లేని జనం వరసగా నిలబడి
హాజరు వేయించుకుంటున్నట్టుంటుంది.
వాటి లెక్క రోజూ రాస్తారు.
మా లెక్క ఏజెన్సీ దగ్గరుంది.
ఏజెన్సీ ఎక్కడుందో ఖాజావలిక్కూడా తెలీదు.
పదిహేడేళ్ళుగా పడవ తోలుతున్నాడు,
నీళ్ళ కింద ఏ రాయి ఎక్కడుందో చెప్పగలడు గానీ.

జీతం, కాగితం మీద పదమూడు వేలు.
మా పడవలాగే ఒడ్డున నిండుగానే బయల్దేరుద్ది.
మధ్యలో ఏ దీవి దగ్గర ఎవరు దిగిపోతారో
నా రేవుకొచ్చేసరికి తొమ్మిది వేల చిల్లర.
యూనిఫాం కోత కూడా అందులోనేనంట.
ఆ చొక్కా వీపు మీద చేతులు జోడించిన బొమ్మ.
పొద్దస్తమానం నా వెనక నుంచి
అది దండాలు పెడుతూనే ఉంటుంది,
నేను ఎవరి మీద విసుక్కున్నా సరే.

ఆగస్టులో పులిచింతల నుంచి నీళ్ళొదిలారు.
బ్యారేజీ గేట్లన్నీ లేపారు.
ఘాట్ మీద ఎర్రజెండా. పడవలకి మోకులు.
ఊరు ఊరంతా వరద చూడ్డానికొచ్చింది,
మొక్కజొన్న కండెలు కాల్చే నాంచారమ్మకి
బొగ్గులు చాల్లేదు.
నది అంత నిండుగా పారిన పదకొండు రోజులూ
నాకు కూలి లేదు.
పడవ తిరగకపోతే రోజు తిరగనట్టేనంట.

అయినా రాత్రి రెండింటికి ఫోను:
నీళ్ళు గోడౌన్లోకొస్తున్నాయి,
జాకెట్లు పై అంతస్తుకి మోయాలి, రా.
విద్యాధరపురం కొండ మీద మా ఇల్లు.
నూట ముప్పై ఎనిమిది మెట్లు
సెల్ఫోన్ లైటు వేసుకుని దిగాను.
కింద అన్ని నీళ్ళు.
మా కుళాయికి రాక అప్పటికి మూడు రోజులు.
ఆ రాత్రి ఏ ఖాతాలోనూ పడలేదు.

వరద తీశాక తనిఖీ సారొచ్చి
ఒక్కో బకిలూ నొక్కి చూశాడు,
మూడు పనికిరావని పక్కన పడేయించాడు.
నీదేదమ్మా, అనలేదు.
జాకెట్లు టికెట్ల లెక్కన ఇస్తారు.
మాకు టికెట్ లేదు.
ఖాజావలి ఖాళీ నూనె డబ్బా ఒకటి
మూత బిగించి సీటు కింద దాచుకున్నాడు.
నీకూ ఒకటి తెస్తాలే అక్కా, అంటాడు,
నూనె అయిపోవాలిగా, అని నవ్వుతాడు.

ఆగస్టు జీతం దసరా జనంలో పడింది.
జాకెట్ల మధ్య ఫోను కుయ్యిమంది.
చేతులు తడి, కళ్ళజోడు ఇంట్లో.
ఎదురుగా తెనాలి నుంచొచ్చిన కుర్రాడు,
ఎనిమిదేళ్ళుంటాయేమో, చేతులు పైకెత్తి నిలబడ్డాడు.
చదివిపెట్టు బాబూ, అన్నాను.
బళ్ళో పాఠం చదివినట్టు
పడవంతా వినపడేలా చదివాడు:
ఐదు వేల ఎనిమిది వందల నలభై.
ఇవ్వాళ్టిదా ఆంటీ?

వాళ్ళమ్మ బ్యాగు జిప్పు తీసి, మళ్ళీ వేసింది.
ఖాజావలి ఇంజన్ స్టార్ట్ చేశాడు.

ఊపిరి పీల్చుకో నాన్నా, అన్నాను.
పీల్చాడు, బుగ్గలు కూడా ఉబ్బించి.
బెల్టు వాడికి పెద్దదైంది.
మిగిలిన కొస మడిచి
రెండు ముళ్ళేశాను.